టోకియోలో ఒక బడిగంట

జపాను చూచి వచ్చినవారు ఫుజి కొండ గురించీ, నిమిషం తప్పని రైళ్ళ గురించీ వ్రాయటం వాడుక. మేమూ ఆ కొండను చూశాము. దూరాన, రైలు కిటికీలోంచి, మబ్బు పక్కకు జరిగిన రెండు నిమిషాలసేపు. రైళ్ళూ ఎక్కాము. వాటిని గురించి మాకంటె బాగా వ్రాసినవారు చాలామంది ఉన్నారు. మేము వ్రాయబోయేది అక్కడి ఒక బడిలో చిన్న కుర్చీమీద ఇరుక్కుని కూర్చున్న యాభై నిమిషాల సంగతి.

మా వంటి గుమాస్తాకు జపాను ప్రయాణం ఎలా కుదిరిందని పాఠకులకు సందేహం కలుగవచ్చు. మా చెల్లెలి భర్త టోకియోలో కంప్యూటరు ఉద్యోగి. పన్నెండేండ్లుగా కాపురం అక్కడే. 2024లో ఆయన టిక్కెట్లు తానే కొని పంపి, "బావగారూ, ఈసారి కాదంటే మళ్ళీ పిలవను" అని బెదిరించారు. సెలవు మంజూరైంది. నవంబరు మొదటివారంలో మేమిద్దరము బరంపురంలో రైలెక్కి, ఢిల్లీలో విమానం పట్టుకుని, టోకియో చేరాము. వాళ్ళుండేది నగరానికి తూర్పున నిషి కసాయి అనే పేటలో. అక్కడ మనదేశం వాళ్ళు ఎందరో కాపురముంటున్నారు. కందిపప్పుకూ చింతపండుకూ లోటు లేదు.

బయలుదేరేముందు మా మనసు పీకిన విషయం ఒకటే. అమ్మను తమ్ముడింట దిగబెట్టి రావలసి వచ్చింది.

అమ్మకు డెబ్బయిరెండేండ్లు. పుట్టిల్లు సోంపేట దగ్గర పల్లె. తమిళనాడులోనూ మహారాష్ట్రలోనూ ఉన్న మన వాళ్ళకు తెలియకపోవచ్చు గాని, శ్రీకాకుళం సముద్రపు ఒడ్డునా మా గంజాం వైపునా ఆడవాళ్ళలో అడ్డపొగ త్రాగటం పాత అలవాటు. చుట్ట ముట్టించి నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటవి, మామగారు ఎదురైతే పెదవులు మూసేస్తే సరి. అమ్మ పదిహేనో ఏట వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆ వేడి తగిలి తగిలి అంగిట్లో పుండు పడుతుందనీ, అది రాచపుండుగా మారవచ్చుననీ విశాఖపట్నం వైద్యులు 1950లలో, 60లలోనే పరిశీలించి వ్రాసిపెట్టారు. ఆ వ్రాతలు సోంపేట వంటిళ్ళదాకా రాలేదు.

2024 ఫిబ్రవరిలో అమ్మ అంగిట్లో పుండు కనబడింది. ముక్క తీసి పరీక్ష చేయించాము. కోత కోసి, తర్వాత ఆరువారాలపాటు కిరణాలు పెట్టారు. జబ్బు పేరు మాత్రం ఆమె చెవిని వేయలేదు. "పంటిపుండు లోపలికి పాకింది" అని చెప్పాము. వైద్యుని గదిలోకి ముందు మేము జొరబడి, "అమ్మ ఎదుట ఆ మాట అనకండి" అని చేతులు జోడించి, ఆ తర్వాత ఆమెను పిలిచేవాళ్ళము. అన్నదమ్ములమూ చెల్లెలూ కలిసి చేసిన ఏర్పాటిది. ఆ నెలల నుంచే అమ్మ తన కంచం, గ్లాసు వేరు చేసుకుని, తానే తోముకుని, పెరటిగట్టు మీద బోర్లించుకోవటం మొదలుపెట్టింది. తమ్ముడి పిల్లలు ఒడిలోకి వస్తే కసిరేది. పెద్దతనంలో వచ్చే పట్టింపు కాబోలుననుకుని మేము దాన్ని పట్టించుకోలేదు.

ఇక టోకియో సంగతి. మేము దిగిన మూడోనాడు మా చెల్లెలు ఒక కాగితం పట్టుకుని సోఫాలో చాలాసేపు కూర్చున్నది. మా మేనకోడలు, పద్నాలుగేండ్ల పిల్ల, చదివేది అక్కడి మామూలు ప్రభుత్వపు బడి. ఆ బడి నుంచి వచ్చిన కాగితమది. "ఫలానా తేదీన రెండో సంవత్సరం పిల్లలకు గన్ పాఠం జరుగుతుంది. ఇంట్లోగాని దగ్గరి బంధువులలోగాని ఈ వ్యాధి ఉన్నవారు, దీనితో పోయినవారు ఉంటే ముందుగా తెలుపగోరుతున్నాము. పిల్లకు కష్టమనిపిస్తే ఆ గంట ఆరోగ్యపు గదిలో కూర్చోవచ్చు. తల్లిదండ్రులు వచ్చి పాఠం వినవచ్చు" అని దాని సారాంశం. గన్ అంటే జపాను భాషలో కాన్సరు.

చెల్లెలు కలం తీసి, "ఎవరూ లేరు" అని వ్రాసి సంతకం చేసింది. మేము ఎదురుగానే ఉన్నాము. ఏమీ అనలేదు.

ఆ రాత్రి బావగారు ఆ పాఠం కథ చెప్పారు. 1981 నుంచి జపానులో మరణాలకు మొదటి కారణం ఈ వ్యాధే. ఏడాదికి మూడున్నర లక్షలమందికి పైగా పోతున్నారు. అయినా ఒకప్పుడు అక్కడా మన దగ్గరలాగే రోగికి పేరు చెప్పేవారు కారు. 1989 జనవరిలో హిరోహితో చక్రవర్తి కన్నుమూశారు. అంతకుముందు కొన్ని నెలలపాటు ఆయన ఒంటి వేడి ఎంత, ఎంత రక్తం పోయింది, ఎంత ఎక్కించారు అని పత్రికలు రోజూ లెక్క ప్రచురించాయట. వ్యాధి పేరును మాత్రం ఆయన పోయిన తర్వాతే అధికారికంగా ప్రకటించారు.

మాటలు చాలవనుకున్నారేమో, బావగారు ఒక పాత సినిమా పెట్టి చూపించారు. 1952లో కురొసావా తీసిన 'ఇకిరు'. కథానాయకుడు ఎవరనుకున్నారు? మా వంటివాడే. పురపాలక కచేరీలో ఒక శాఖకు పెద్ద, ముప్పయి ఏండ్లు కాగితాలమీద ముద్రలు వేసినవాడు. కడుపునొప్పితో ఆస్పత్రికి వెళతాడు. వరండాలో మరో రోగి అతనితో, "మామూలు పుండే, నచ్చింది తినండి అని డాక్టరు చెప్పాడంటే, అది కాన్సరు అన్నమాట" అని గుట్టు విప్పుతాడు. లోపలికి వెళితే డాక్టరు సరిగ్గా ఆ మాటలే అంటాడు. మిగిలిన కొద్ది నెలలలో ఆ గుమాస్తా కచేరీలన్నీ తిరిగి, బ్రతిమాలి, మురికిగుంట ఉన్నచోట పిల్లలకు ఆటస్థలం కట్టించి పోతాడు. మేమూ ఇరవైరెండేండ్లుగా దస్త్రాలు ఒక బల్లమీదనుంచి మరో బల్లమీదకు జరుపుతున్నవాళ్ళమే కనుక ఆ సినిమా మమ్మల్ని చాలాసేపు వదలలేదు. అయితే ఆ రాత్రి నిద్ర పట్టనీయనిది ఆ గుమాస్తా కాదు, అబద్ధమాడిన డాక్టరు. అతని గదిలోకి ముందుగా ఎవరు జొరబడి చేతులు జోడించారో సినిమాలో చూపలేదు.

పద్ధతి మారటానికి ఒక శాసనసభ్యుడు కూడా కారకుడు. యమమోతో తకాషి అనే పార్లమెంటు సభ్యుడు 2006 మే నెలలో సభలో లేచి నిలబడి, తనకు గన్ ఉన్నదని అందరి ఎదుటా చెప్పి, దానిమీద చట్టం కావాలని అడిగారు. ఆ జూన్‌లోనే చట్టమైంది. మరుసటి సంవత్సరం డిసెంబరులో ఆయన పోయారు. 2016 డిసెంబరులో ఆ చట్టాన్ని సవరించి బడిపిల్లలకు ఈ వ్యాధి గురించి నేర్పవలెనన్న మాట చేర్చారు. 2021 నుంచి నడిమి బడులలోనూ, 2022 నుంచి పై బడులలోనూ ఇది పాఠక్రమంలో భాగం. కొన్ని పేటలు అంతకు ముందే మేలుకున్నవి. టోకియోలోని తోషిమా పేట తన బడులన్నింటిలో 2012లోనే ఈ పాఠం మొదలుపెట్టింది.

పాఠం రోజున చెల్లెలితోబాటు మేమూ వెళ్ళాము. గుమ్మంలో బూట్లు విప్పి బడివారిచ్చే చెప్పులు తొడుక్కోవాలి. మా పాదాలకు సరిపడే జత దొరకక, మడమలు వెనక్కి వేలాడేసుకుని మెట్లెక్కాము. నడవాలో రంగుకాగితాల కొంగలు వేలకొద్దీ దండలు గుచ్చి వ్రేలాడుతున్నవి. హిరోషిమాలో ఆటంబాంబు పడిన పదేండ్లకు, 1955లో, రక్తపు కాన్సరుతో పన్నెండేండ్ల ససాకి సదాకో పోయింది. ఆస్పత్రి మంచంమీద ఆ పిల్ల మడిచినవి ఇటువంటి కొంగలే. తోటి పిల్లలు దేశమంతటి బడులనుంచి చందాలు పోగుచేసి 1958లో ఆమె పేర స్మారకం నిలబెట్టారు. చట్టాల మాట ఎలా ఉన్నా, ఈ వ్యాధి సంగతి జపాను బడిపిల్లలకు అప్పటినుంచే తెలుసునని మాకు తోచింది.

తరగతిలో ముప్పయిమందికి పైగా పిల్లలు. వెనుకగోడ పక్కన తల్లులు, ఇద్దరు ముగ్గురు తండ్రులు. తలుపు దగ్గర బడి నర్సమ్మ నిలబడి, పాఠం చెప్పేవారిని కాక పిల్లల ముఖాలనే చూస్తూ ఉన్నది. ఎవరికైనా కళ్ళు చెమర్చితే మెల్లగా బయటకు తీసుకువెళ్ళటం ఆమె పని అట.

ముందు ఒక వైద్యుడు మాట్లాడాడు. చెల్లెలు మా చెవిలో తెలుగు చేస్తూ వచ్చింది. పక్కపక్క బల్లలవాళ్ళను ఒకరినొకరు చూసుకోమన్నాడు. "జపానులో ఇద్దరిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గన్ వస్తుంది" అన్నాడు. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత మానేశారు. మన ఒంట్లో కణాలు రోజూ నకళ్ళు తీసుకుంటూ ఉంటవి, నకలు వ్రాయటంలో తప్పులు పడతవి, తప్పుబడినవాటిని ఒళ్ళే చాలావరకు ఏరివేస్తుంది, ఏరివేతకు దొరకని ఒక్కటి మిగిలి పెరుగుతుంది. అది ఒక సెంటీమీటరు గడ్డ కావటానికి పది, ఇరవై ఏండ్లు పట్టవచ్చు. అంటే వయసు మళ్ళిన కొద్దీ ఎక్కువమందికి వస్తుంది. నకలు తప్పుల సంగతి గుమాస్తాకు వేరే చెప్పనక్కరలేదు. అంత తేటగా మాకు ఆ విషయం అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

బల్లమీద అతను పెద్ద అక్షరాలతో మూడు మాటలు వ్రాశాడు. అంటదు. అందరిదీ ఒక తీరు కాదు. తొందరగా కనిపెడితే చాలావాటికి కుదురుతుంది. జబ్బు తేలిన వాళ్ళలో నూటికి అరవైమందికి పైగా అయిదేండ్లు దాటి బ్రతుకుతున్నారనీ, తొలిదశలో దొరికితే ఆ లెక్క ఇంకా చాలా ఎక్కువనీ చెప్పాడు. పెద్దవాళ్ళకు ప్రభుత్వం పరీక్షలు చేస్తుంది. గర్భాశయ ముఖానికి ఇరవయ్యో ఏటనుంచీ, రొమ్ముకు నలభయ్యో ఏటనుంచీ రెండేండ్లకొకసారి. అయినా సగంమంది పెద్దవాళ్ళు పనుల వంకతో వెళ్ళరు. పిల్లలు ఇంటికి వెళ్ళి అడిగితే వెళతారని ఆశ. ప్రభుత్వం ఉత్తరాలు వ్రాసి సాధించలేనిది పద్నాలుగేండ్ల పిల్ల భోజనాల దగ్గర సాధించవచ్చునన్న లెక్కలో తెలివి లేకపోలేదు.

ఆ దేశం అన్నీ సరిగ్గా చేసిందని కాదు. గర్భాశయ ముఖపు కాన్సరు రాకుండా ఆడపిల్లలకు వేసే టీకాను 2013 ఏప్రిల్‌లో అందరికీ వేయటం మొదలుపెట్టారు. నొప్పులు, మూర్ఛలు వస్తున్నవని కొందరు తల్లులు గోల పెట్టగా, రెండు నెలలకే జూన్‌లో ప్రభుత్వం వేయించుకోమని చెప్పటం మానుకున్నది. నూటికి డెబ్బయిమంది వేయించుకుంటున్న టీకా నూటికి ఒకరికి దిగిపోయింది. మళ్ళీ ధైర్యం కూడదీసుకుని చెప్పటానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. ఆ తొమ్మిదేండ్లలో ఎదిగిన ఆడపిల్లల మాటేమిటని మా చెల్లెలు ఇప్పటికీ మండిపడుతుంది. ఆమె మాత్రం కూతురికి వేయించింది. దక్షిణాన సాగా అనేచోట ఇంకో మంచిపని జరుగుతున్నది. బడిలో మామూలుగా తీసుకునే మూత్రంతోనే, 2016 నుంచి, నడిమి బడి చివరి ఏడాది పిల్లలకు కడుపులో పుండుపుట్టించే పైలోరి క్రిమి ఉన్నదేమో చూసి మందు ఇస్తున్నారు. కడుపు కాన్సరు ఆ దేశానికి పాత శత్రువు.

వైద్యుని తర్వాత ఒక ఆమె వచ్చి నిలబడింది. ఇంచుమించు మా ఈడు. ముప్పయి ఎనిమిదో ఏట రొమ్ము కాన్సరు వచ్చి తగ్గినదట. ఆమె గొంతు పెంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు. "మా అబ్బాయి అప్పుడు మూడో తరగతి. వాడికి చెప్పలేదు. జుట్టు రాలిపోతే వేసవికి కత్తిరించుకున్నానన్నాను. సంవత్సరం తర్వాత తెలిసింది, తన అల్లరివల్లనే అమ్మకు జబ్బు చేసిందని వాడు అనుకున్నాడట. ఆ సంవత్సరమంతా బడిలో ఎవరితోనూ ఆడలేదట." అంతే చెప్పి, మంచినీళ్ళు త్రాగింది.

చివర ప్రశ్నలు. ఒక కుర్రవాడు లేచి, "మా నాన్న రోజూ సిగరెట్లు కాలుస్తాడు. పోతాడా?" అని అడిగాడు. వెనుక తల్లులలో ఒకామె తల వంచుకున్నది. వైద్యుడు వెంటనే జవాబు చెప్పలేదు. "పొగ త్రాగేవాళ్ళందరికీ రాదు. త్రాగనివాళ్ళకూ వస్తుంది. పసిపిల్లలకు వచ్చే రకాలకు అలవాట్లతో సంబంధమే లేదు. కాని పొగ వల్ల అపాయం పెరిగే మాట నిజం, ఏ వయసులో మానినా మేలే. నువ్వు మీ నాన్నతో చచ్చిపోతావని చెప్పకు. నువ్వు ఉండాలి అని చెప్పు" అన్నాడు. తర్వాత ఆమె లేచి, "జబ్బు వచ్చినవాళ్ళను నీ తప్పే అని ఎవరూ అనకండి" అని ఒక్కమాట చేర్చింది.

పిల్లలకు తలా ఒక కార్డు ఇచ్చారు. ఇంట్లో తమకు ముఖ్యమైనవారికి ఈ పాఠం గురించి వ్రాసి ఇమ్మన్నారు.

ఇంటికి నడుస్తూ ఉంటే మా మేనకోడలు చెల్లెల్ని ముందుకు పోనిచ్చి మా పక్కకు వచ్చింది.

"మావయ్యా, అమ్మమ్మది గన్ కదూ?"

మేము బస్సు వస్తున్నదేమో అన్నట్టు రోడ్డువైపు చూశాము.

"వీడియోలో చూశాను. దవడ ఒకవైపు నల్లబడింది. మాట ముద్దగా వస్తోంది. అమ్మ స్నానాలగదిలో ఏడుస్తుంది. పంటిపుండుకు ఎవరైనా ఏడుస్తారా?" కొంచెం ఆగి, "అమ్మ కాగితంమీద ఎవరూ లేరని వ్రాసింది. నేను చూశాను. నేను ఆరోగ్యపు గదికి పోయేదాన్ని కాను. కాని అడిగి ఉంటే బాగుండేది" అన్నది.

"అవునమ్మా, అదే" అన్నాము. తెలుగులో ఆ పేరు మా నోటివెంట రాలేదు.

"అడ్డపొగ వల్లనా?"

"కావచ్చు."

"ఆవిడ తప్పు కాదు కదా? వాళ్ళమ్మ నేర్పింది కదా?"

దానికి మేమేమి చెప్పామో ఇప్పుడు గుర్తులేదు. పిల్ల చేయి పట్టుకున్నట్టు జ్ఞాపకం.

ఆ నెల 24న మా శ్రీమతి కోరికమీద సుగమో వెళ్ళాము. తోషిమా పేట బడులు ముందుగా మేలుకున్నవన్నాము గదా, సుగమో ఆ పేటలోనిదే. 4, 14, 24 తేదీలలో అక్కడ తిరునాళ్ళు. వీధి పొడుగునా ముసలమ్మలు, ఉప్పువేసిన పిండివంటలు, ఎర్రని లోదుస్తులు మాత్రమే అమ్మే ఒక దుకాణం. ఎరుపు కట్టుకుంటే ఒంటికి బలమట. కోగంజి గుడిలో ముళ్ళు తీసే దేవుడు జిజో ఉన్నాడు. మూలవిగ్రహాన్ని ఎవరికీ చూపరు. బయట రాతి కన్నోన్ దేవతకు నీళ్ళు పోసి, తమకు ఎక్కడ నొప్పో విగ్రహానికి అక్కడ గుడ్డతో తుడుస్తారు. పూర్వం పీచుతో రుద్దేవారట. ముఖం అరిగిపోవటంతో 1992లో కొత్త విగ్రహం పెట్టి గుడ్డలు ఇస్తున్నారు. మేము ముప్పావుగంట వరుసలో నిలుచున్నాము. మా ముందున్న ముసలమ్మ మోకాలు తుడిచింది. ఆమె వెనుక సూటు వేసుకున్న పెద్దమనిషి పొట్ట తుడిచి, చుట్టూ చూసి, మళ్ళీ తుడిచాడు. మా శ్రీమతి విగ్రహపు పెదవులు తుడిచింది. అంగిలి లోపల ఉన్నది, చేయి అందదు.

ఆ గుడిలో జిజో బొమ్మ అచ్చువేసిన చిట్టికాగితాలు అమ్ముతారు. నొప్పి ఉన్నచోట అంటించుకోవాలి, లేదా నీళ్ళతో మింగాలి. మా శ్రీమతి ఒక పొట్లం కొని, "అత్తయ్యగారికి ఇవి దేనికని చెప్పి ఇవ్వాలి?" అని మమ్మల్ని అడిగింది. పంటికి అందామంటే ఆమె నవ్వలేదు.

బయలుదేరేరోజు మేనకోడలు తన కార్డు తెచ్చి మా చేతిలో పెట్టింది. అమ్మమ్మకు వ్రాసినది. అక్షరాలు దిద్ది దిద్ది తెలుగులోనే వ్రాసింది. మా చెల్లెలు చదివి, చాలాసేపు చేత్తో పట్టుకుని, మడిచి మళ్ళీ మాకిచ్చింది. వద్దని మాత్రం అనలేదు.

బరంపురం చేరిన మరునాడు అమ్మను తీసుకువచ్చాము. కార్డు రెండు రోజులు మా చొక్కాజేబులోనే ఉన్నది. మూడోనాడు మధ్యాహ్నం అమ్మ తనే, "పిల్ల ఏటి పంపిందిరా?" అని అడిగింది. అమ్మకు చదువు రాదు. తీసి చదివాము.

"అమ్మమ్మా, మా బడిలో పాఠం చెప్పారు. నీది గన్. అది నీ తప్పు కాదు. అది అంటదు. వేసవిలో వచ్చి నీ పక్కన పడుకుంటాను."

"గన్ అంటే ఏటి?"

తమ్ముడు లేడు, వైద్యుడు లేడు, మేమే. "రాచపుండమ్మా" అన్నాము.

"అది నాకు తెల్సులే" అన్నది అమ్మ. "కిరణాలకాడ పక్కమంచం ఆవిడ అప్పుడే సెప్పింది. మీరు సెప్పకపోతే నాను ఊరుకున్నాను. తరవాతేటి రాసిందో మల్లీ సదువు."

మళ్ళీ చదివాము.

"అంటదనా? బడిలోనే సెప్పారా? డాక్టరే సెప్పాడా?"

"డాక్టరే చెప్పాడమ్మా. బల్లమీద వ్రాశాడు. మేము చూశాము."

అమ్మ కార్డు తీసుకుని, అక్షరాలు వచ్చినదానిలా కాసేపు దానివైపు చూసి, లేచి పెరట్లోకి వెళ్ళింది. పది నెలలుగా గట్టుమీద బోర్లించి ఉన్న కంచం, గ్లాసు తీసుకువచ్చి వంటింట్లో మా కంచాల పక్కన పెట్టింది. "సాయంత్రం తమ్ముడి పిల్లల్ని రమ్మను" అన్నది.